బౌల్డర్ క్రీక్ మంటల నుంచి మరీనాలో అక్క ఇంటికి వచ్చాం, మామగారు మోటెల్‌కి పోదామంటున్నారు

కొండమీద_కోడలు (ఆగస్టు 21, 2020)
మంగళవారం రాత్రి కాలిఫోర్నియా కొండల్లోని మా ఊరు బౌల్డర్ క్రీక్ మొత్తాన్ని ఖాళీ చేయమన్నారు. ఆదివారం తెల్లవారుజామున పడిన పిడుగులకు వెనక కొండల్లో అక్కడక్కడా అంటుకుందని తెలుసు గానీ ఇంత త్వరగా మా మీదికి వస్తుందనుకోలేదు. మేమిద్దరం, పిల్లలిద్దరు, ఫిబ్రవరిలో వచ్చి విమానాలు ఆగిపోవడంతో ఇక్కడే చిక్కుకుపోయిన అత్తయ్యగారు, మామయ్యగారు. అందరం ఒకే కారులో బయలుదేరాం. అత్తయ్యగారు ఆ పొద్దున్నే రుబ్బిన దోసెల పిండి గిన్నె ఒళ్ళో పెట్టుకున్నారు. పారబోయడానికి చేతులు రాలేదట. ఆ వేడికి స్కాట్స్ వ్యాలీ దాటేసరికే పిండి పొంగి మూతను పైకి లేపింది. ఆవిడ మూత మీద అరచెయ్యి అదిమిపెట్టి మరీనా దాకా అలాగే కూర్చున్నారు. మందుల సంచి మాత్రం ఇంట్లోనే మిగిలిపోయింది.

సముద్రం ఒడ్డున ఉన్న ఈ మరీనా ఊళ్ళో మా పెదనాన్నగారి అమ్మాయి ఉంటుంది. రెండు పడకగదుల ఇల్లు, వాళ్ళు ముగ్గురు, మేము ఆరుగురం. అర్ధరాత్రి దాటాక తలుపు తీసి అక్క అడిగిన మొదటి మాట "అన్నాలు తిన్నారా?" అని. ఇప్పటిదాకా వాళ్ళ వైపు నుంచి ఒక్క విసుగు మాట లేదు.

నా గొడవంతా మామయ్యగారితోనే. "కోడలి పుట్టింటివాళ్ళ ఇంట్లో ఎన్నాళ్ళు కూర్చుని తింటాం, మోటెల్ చూడండి" అంటూ రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బయటికి వెళ్ళేవాళ్ళలా హాల్లో కూర్చుంటున్నారు. మా ఆయన కవరులో డబ్బు పెట్టి బావగారి చేతిలో పెట్టబోతే ఆయన రెండు పూటలు మాట్లాడలేదు. మామయ్యగారికి షుగరు. ఈ కరోనా రోజుల్లో మోటెల్ అంటే నాకు భయం. ఇల్లు ఉందో లేదో తెలియదు, ఎప్పుడు వెళ్ళనిస్తారో తెలియదు. చుట్టాల ఇంట్లో తలదాచుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఎలా నెట్టుకొచ్చారో చెప్పండి.

పెరుగన్నం
ముందు ఒక సంగతి తేల్చండి. ఆ పిండితో దోసెలు వేశారా లేదా?

కొండమీద_కోడలు
వేశాం. మర్నాడు తొమ్మిది మందికీ సరిపోయాయి. కారు సీటు ఇంకా పులుపు వాసన వేస్తోంది.

చిరాకు_చిన్నయ్య
మీ మామగారి మాటే రైటు. ఎంత మంచి చుట్టాలైనా ఒకే బాత్రూము ముందు తొమ్మిది మంది వరుస కడితే నాలుగో రోజుకి ముఖాలు మారతాయి. బంధుత్వం నిలవాలంటే గది తీసుకోండి. పెద్దాయన ఆ మాట అనడం ఆయన మర్యాద.

శాంతారోజా_2017
చిన్నయ్యగారూ, గది దొరికితే కదా. మొత్తం శాంతాక్రూజ్ జిల్లా కొండలన్నీ ఖాళీ అవుతున్నాయి, హోటళ్ళన్నీ నిండిపోయాయి.

మాది 2017 అక్టోబరు కథ. 8వ తేదీ రాత్రి టబ్స్ అని పేరు పెట్టిన మంటలు మొదలైతే తెల్లారేసరికి హైవే 101 దాటి శాంతారోజా ఊళ్ళో కాఫీ పార్కు అనే పేటలోకి వచ్చేశాయి. ఆరు వరుసల రోడ్డును నిప్పురవ్వలు దాటుతాయని ఎవరూ ఊహించలేదు. మా ఇల్లు పోలేదు, కానీ పొగపట్టి చాలా రోజులు లోపల అడుగు పెట్టలేకపోయాం. పసిఫికాలో మా బావమరిది ఇంట్లో ఉన్నాం. అక్కడ నేర్చుకున్నది రాస్తున్నాను.

డబ్బు చేతిలో పెట్టకండి. ఎవరూ తీసుకోరు, పైగా నొచ్చుకుంటారు. సరుకుల పని మొత్తం మీరు తీసుకోండి. పాలు, కూరలు, బియ్యం బస్తా, డిష్‌వాషర్ సబ్బు, టాయిలెట్ కాగితం, అన్నీ వాళ్ళు కొనే లోపే ఇంటికి చేరాలి. మా బావమరిది కవరు తిప్పికొట్టాడు గానీ, సోనా మసూరి బస్తా తెస్తే కిక్కురుమనకుండా లోపల పెట్టుకున్నాడు.

రెండోది, రోజులో రెండు గంటలు ఆ ఇంట్లో మీరు లేకుండా చూసుకోండి. వాళ్ళు వాళ్ళింట్లో గొంతెత్తి పోట్లాడుకునే అవకాశం ఉండాలి. మేము పిల్లల్ని తీసుకుని రోజూ సాయంత్రం బీచికి పోయేవాళ్ళం. గాలి బాగా లేని రోజున కారులోనే కూర్చునేవాళ్ళం.

మూడోది, మందుల దుకాణానికి ఫోను చేయండి. ప్రకటించిన విపత్తులో డాక్టరు చీటీ లేకుండా కూడా అవసరమైన మందులు కొంతవరకు ఇవ్వగలరు. మామగారికి ఇండియా చీటీ ఉంటే అది కూడా చూపించండి.

హాఫ్‌మూన్_వదిన
ఆతిథ్యం ఇస్తున్నవాళ్ళ మాట కూడా వినండి. మా ఇంట్లో లా హోండా నుంచి వచ్చిన మా మరిది కుటుంబం ఉంది. నాకు డబ్బు అక్కర్లేదు, బస్తా కూడా అక్కర్లేదు. నాకు కావలసింది "మీకు భారమైపోయాం" అనే మాట వినకుండా ఒక పూట గడవడం. అన్నిసార్లూ "అయ్యో అదేం లేదు" అని నేనే సముదాయించాలి. ఇల్లు కాలిపోతుందేమోనని ఏడవాల్సినవాళ్ళు మా సోఫా నలిగిందని బాధపడుతుంటే ఏం చెప్పను?

ఇంకొకటి. తోడికోడలు సాయం చేస్తానని నా పోపుల డబ్బా సర్దింది. ఆవాల గిన్నెలో మెంతులు పోసింది. ఆ రోజు పప్పు చేదు తిని, బాగుందన్నాను. సాయం చేసేవాళ్ళు గిన్నెలు తోమండి, బట్టలు మడత పెట్టండి. వంటింటి అలమరాల జోలికి పోకండి.

పెరుగన్నం
మెంతి పప్పు అని కొత్త పేరు పెట్టేయండి వదినా.

వైజాగ్_వాసి
ఇదంతా చదువుతుంటే ఒక సంగతి వింతగా అనిపిస్తోంది. మన దగ్గర ఆపద వస్తే సముద్రానికి దూరంగా పరుగెత్తుతాం. 1977లో దివిసీమ ఉప్పెన తరవాత కోస్తాలో పుట్టిన ప్రతివాడికీ ఇంట్లో నేర్పే మొదటి పాఠం అది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు మేము అనకాపల్లిలో మేనత్త ఇంటికి పోయాం. అక్కడ కూడా పైకప్పు రేకులు లేచిపోయాయి, అది వేరే సంగతి. ఇక్కడేమో కొండ దిగి సముద్రం ఒడ్డుకి చేరితేనే ప్రాణం. మీ మామగారికి తుఫాను రోజులు గుర్తు చేయండి. అప్పుడు ఎవరు ఎవరింట్లో ఉన్నారో లెక్క చూశారా?

కొండమీద_కోడలు
మా మామయ్యగారిది తెనాలి. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. లెక్క చూడకుండా ఉండటం ఆయన వల్ల కాదు.

చిరాకు_చిన్నయ్య
సముద్రం ఒడ్డున ప్రాణం భద్రం అన్న మాటతో నేను ఏకీభవించను. ఈ మంటలే స్వాంటన్ మీదుగా డేవెన్‌పోర్ట్ పక్కదాకా వచ్చాయి, అంటే సముద్రం ఒడ్డు వెంట పోయే హైవే 1 దాకా. ఆస్ట్రేలియాలో మల్లకూటా ఏమైంది? మొన్న డిసెంబరు 31న వేల మంది ఒడ్డున ఇరుక్కుపోయారు, పట్టపగలు ఆకాశం నల్లబడింది, చివరికి నౌకాదళం ఓడల్లో తీసుకెళ్ళింది. సముద్రం వైపు ఒకటే రోడ్డు ఉంటే అది దారి కాదు, గోడ. మరీనా వాళ్ళు కూడా సంచి సర్దిపెట్టుకోవాలి. సలీనాస్ పక్కన రివర్ ఫైరు, అటు కార్మెల్ లోయలో ఇంకోటి, రెండూ మండుతూనే ఉన్నాయి.

కొండమీద_కోడలు
అది నిజమే. ఇక్కడ కారు మీద బూడిద రాలుతోంది. అది మా కొండ బూడిదో సలీనాస్ బూడిదో తెలియడం లేదు.

ఉపగ్రహం (ఆగస్టు 22)
ఇల్లు ఉందో లేదో అని ఉపగ్రహ పటాల్లో ఎర్ర చుక్కలు వెతుకుతున్నవాళ్ళకి ఒక మాట. ఆ చుక్క అక్కడ కాలిపోయిందని చెప్పే ముద్ర కాదు. వీర్స్ అనే పరికరం చూసే ఒక్కో గడి దాదాపు 375 మీటర్ల వెడల్పు. అంత గడిలో ఎక్కడో ఒకచోట వేడి కనబడితే గడి మొత్తం ఎర్రబడుతుంది. మీ వీధి అందులో ఉన్నంత మాత్రాన మీ ఇల్లు పోయినట్టు కాదు. చుక్క లేనంత మాత్రాన ఉన్నట్టూ కాదు, దట్టమైన పొగ కింద దానికి కనబడదు. ఇళ్ళ తనిఖీ బృందాలు ఒక్కో ఇంటినీ చూసి జిల్లా పటంలో పెడతాయి. అంతవరకు ఆగడం ఒక్కటే దారి. రోజూ ఉదయం, సాయంత్రం రాష్ట్ర అగ్నిమాపక శాఖ కాల్ ఫైర్ వాళ్ళు చెప్పే వివరాలు వినండి. ఫేస్‌బుక్ గుంపుల్లో "మా బంధువు చూశాడట" అని రాసేవాటిని నమ్మకండి.

శాంతారోజా_2017
ఈ మాట నిజం. మా వీధి మొత్తం బూడిదైందని ఎవరో రాస్తే మా ఆవిడ ఒక రాత్రంతా ఏడ్చింది. పొద్దున చూస్తే మా వీధి ఉంది, అదే పేరున్న ఇంకో వీధి పోయింది.

పాలసీ_చదివినవాడు
ఎవరూ అడగలేదు గానీ, ఇక్కడ అసలు మాట బీమా. ఇల్లు కాలకపోయినా, ప్రభుత్వం ఆదేశించి ఖాళీ చేయిస్తే చాలా ఇంటి పాలసీల్లో అదనపు జీవన వ్యయం అని ఒక భాగం పనిచేస్తుంది. సాధారణంగా రెండు వారాల వరకు. అద్దెకు ఉన్నవాళ్ళ పాలసీల్లో కూడా ఉంటుంది. ఖర్చు మొత్తం ఇవ్వరు, మామూలు ఖర్చు కంటే ఎక్కువైన భాగం ఇస్తారు. వారానికి సరుకులకి 200 డాలర్లు అయ్యేచోట ఇప్పుడు బయట తిని 350 అయితే, ఆ 150 అడగవచ్చు. పెట్రోలు, బట్టలుతికే ఖర్చు, కుక్కని ఎక్కడైనా ఉంచితే ఆ ఖర్చు కూడా. రసీదులు ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి, కాగితం మీద అచ్చు చెరిగిపోతుంది.

చుట్టాల ఇంట్లో ఉచితంగా ఉంటే అద్దె కింద ఏమీ రాదు, ఎందుకంటే మీరేమీ ఖర్చు పెట్టలేదు. వాళ్ళకి అద్దె ఇవ్వదలిస్తే ముందే కంపెనీని రాతపూర్వకంగా అడిగి, ఒప్పుకుంటేనే కాగితం రాసుకుని చెక్కు ఇవ్వండి. తరవాత తయారు చేసిన కాగితాలు పనికిరావు.

కాలిఫోర్నియాలో 2018 నాటి చట్టం ఇంకొకటి ఉంది. అత్యవసర పరిస్థితి ప్రకటించాక, మంటల పరిధిలోనూ దాని పక్కనా ఉన్న పిన్‌కోడ్లలో ఇంటి పాలసీలను ఒక సంవత్సరం పాటు మంటల ముప్పు కారణంగా రద్దు చేయకూడదు. భయపడి క్లెయిము వేయడం మానకండి.

హాఫ్‌మూన్_వదిన
మా మరిది నాకు అద్దె చెక్కు రాస్తే, నేను దాన్ని చింపి మెంతుల డబ్బాలో వేస్తాను.

చిరాకు_చిన్నయ్య
అదే మనవాళ్ళ జబ్బు. బీమా కంపెనీ ఇచ్చే డబ్బు కూడా వద్దు, తరవాత పదేళ్ళపాటు "ఆ రోజుల్లో మా ఇంట్లో నెలరోజులు ఉన్నారు" అని ప్రతి పెళ్ళిలోనూ చెప్పాలి. చెక్కు తీసుకుంటే ఆ కథ చెప్పే హక్కు పోతుంది కదా!

హాఫ్‌మూన్_వదిన
చెప్తాను. తప్పకుండా చెప్తాను. మెంతుల సంగతి కూడా కలిపి చెప్తాను.

వీసా_గోల (ఆగస్టు 24)
మేమూ స్కాట్స్ వ్యాలీ నుంచి వచ్చి వాట్సన్‌విల్‌లో స్నేహితుల ఇంట్లో ఉన్నాం. రెండు సందేహాలు. ఒకటి, మాది హెచ్1బి. 22వ తేదీన అమెరికా అధ్యక్షుడు దీన్ని మహావిపత్తుగా ప్రకటించాడు కదా, కేంద్ర ప్రభుత్వ విపత్తు సంస్థ ఫీమా ఇచ్చే సాయం మాకు వస్తుందా? రెండు, వేరే జిల్లా నుంచి పనిచేస్తే వీసా కాగితాలు మార్చాలా?

పాలసీ_చదివినవాడు
హెచ్1బి మీద ఉన్నవాళ్ళ పేరున ఫీమా నగదు సాయం రాదు. కానీ ఇక్కడ పుట్టిన పిల్ల ఉంటే, అమెరికా పౌరురాలైన ఆ పిల్ల తరఫున తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టవచ్చు. తిండి, తలదాచుకునే చోటు లాంటి తక్షణ సాయానికి వీసా అడగరు. వాట్సన్‌విల్ ఫెయిర్‌గ్రౌండ్స్‌లో మనుషులకీ, గుర్రాలు మేకలకీ కూడా చోటిస్తున్నారు.

వీసా సంగతి: కొద్దికాలం వేరే చోటి నుంచి పనిచేయడానికి నిబంధనల్లో వెసులుబాటు ఉంది, మామూలుగా ఏడాదిలో 30 పనిదినాల వరకు. పైగా వాట్సన్‌విల్ మీ శాంతాక్రూజ్ జిల్లాలోనే ఉంది, జిల్లా మారలేదు. ఏదైనా కంపెనీ లాయరుకి ఈ రోజే ఒక మెయిలు పెట్టండి. మీరు చెప్పారన్న ఆధారం ఉండాలి.

కొండమీద_కోడలు (ఆగస్టు 26)
ఇంటి వార్త. జిల్లా పటంలో మా ఇంటి మీద ఆకుపచ్చ గుర్తు వచ్చింది, నిలబడే ఉంది. మా పై వీధిలో మూడు ఇళ్ళు పోయాయి. ఒక ముసలాయన మా పిల్లలకి ప్రతి హాలోవీన్‌కి పెద్ద చాక్లెట్లు ఇచ్చేవాడు. ఆయన ఇల్లు పోయింది. మా ఇల్లు ఉందన్న సంతోషాన్ని పైకి చూపించలేకపోతున్నాం. బిగ్ బేసిన్ పార్కు కూడా దాదాపు మొత్తం కాలిపోయిందట. 1902 నుంచి ఉన్న పార్కు. మామయ్యగారు అక్కడి పెద్ద చెట్టు ముందు నిలబడి ఫోటో తీయించుకున్నారు, ఇప్పుడు రోజూ అది తీసి చూస్తున్నారు.

ఉపగ్రహం
ఆ పార్కులోని రెడ్‌వుడ్ చెట్లు చాలావరకు బతుకుతాయి. బెరడు చాలా మందం, కాలినా మొదలు నుంచీ మాను మీద నుంచీ కొత్త చిగుళ్ళు వేస్తాయి. ఆ ఫోటోలోని చెట్టు ఉండే ఉంటుంది. పార్కు భవనాలు మాత్రం పోయాయి.

పెరుగన్నం
మామగారు ఇంకా మోటెల్ అంటున్నారా?

కొండమీద_కోడలు
చొక్కా వేసుకుంటున్నారు గానీ మోటెల్ మాట తగ్గింది. బడులన్నీ ఆన్‌లైన్ కదా, అక్క కొడుకు భిన్నాల దగ్గర తడబడుతుంటే ఈయన పక్కన కూర్చున్నారు. ఇప్పుడు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పాఠం. వాడు నిన్న బాత్రూములో దాక్కున్నాడు. బావగారు మాత్రం చాలా సంతోషంగా ఉన్నారు.

కొత్త తగాదా పోపు గురించి. గాలి బాగా లేదని కిటికీలన్నీ మూసేశాం. బయట గాలి కాలుష్య సూచీ 170. అక్క గాలి శుద్ధి చేసే యంత్రం తెచ్చింది. అత్తయ్యగారు ఎండుమిరపకాయలతో పోపు పెట్టిన ప్రతిసారీ దాని ఎర్ర దీపం వెలుగుతోంది. యంత్రం పాడైందని ఆవిడ వాదన.

శాంతారోజా_2017
యంత్రం పాడవలేదు, అది అబద్ధం చెప్పదు. నూనె పొగలో కూడా అవే సన్న రేణువులు ఉంటాయి. కిటికీలు మూసి ఉంచిన రోజుల్లో వేపుళ్ళు, పోపులు తగ్గించండి. పెరుగు పచ్చళ్ళు, ఉడికించిన కూరలు చేసుకోండి. యంత్రం దొరకనివాళ్ళు 20 అంగుళాల పెట్టె ఫ్యానుకి వెనకవైపు సన్న రేణువుల్ని పట్టే మెర్వ్ 13 రకం ఫిల్టరు అంటించి వాడవచ్చు, మనుషులు ఉన్నప్పుడే నడపండి. అందరూ ఒక గదిలో పడుకుని ఆ గదిని శుభ్రంగా ఉంచుకోవడం మేలు. గుడ్డ మాస్కు పొగని ఆపదు.

వైజాగ్_వాసి
పోపు లేకుండా పప్పు తినడం కంటే పొగ పీల్చడం నయం.

హాఫ్‌మూన్_వదిన
మెంతులు వేసి చూడండి, పోపు మీద విరక్తి పుడుతుంది.

కొండమీద_కోడలు (సెప్టెంబరు 6)
నిన్న ఇంటికి వెళ్ళనిచ్చారు. మా ఆయన, నేను వెళ్ళి చూసొచ్చాం. గోడలు బాగున్నాయి, అన్నిటి మీదా సన్నటి బూడిద. కరెంటు వచ్చింది, నీళ్ళ దగ్గరే చిక్కు. మా వైపు నీళ్ళు "తాగకండి, మరిగించకండి" అని నోటీసు పెట్టారు. అత్తయ్యగారు "కాచి చల్లార్చితే ఏ నీళ్ళైనా తాగొచ్చు" అంటున్నారు. ఎలా చెప్పాలో తెలియడం లేదు.

శాంతారోజా_2017
గట్టిగా చెప్పండి. ఇది క్రిముల సంగతి కాదు. మంటల్లో ప్లాస్టిక్ గొట్టాలు కరిగి, ఒత్తిడి పడిపోయినప్పుడు పొగలోని విషాలు గొట్టాల్లోకి చేరతాయి. బెంజీన్ అందులో ఒకటి. కాస్తే అది చావదు, ఆవిరై వంటింటి గాలిలోకి వస్తుంది. మాకు 2017లో ఇదే జరిగింది, 2018లో మంటలకు కాలిపోయిన ఊరు ప్యారడైజ్‌లో కూడా. నోటీసు తీసేదాకా సీసా నీళ్ళే. వేడినీళ్ళ స్నానం గురించి కూడా నోటీసులో ఏముందో చదవండి.

బూడిదని ఆకులు ఊదే యంత్రంతో ఊదకండి. తడి గుడ్డతో తుడవండి. మాస్కు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి. పిల్లల్ని, పెద్దవాళ్ళని ఇల్లు శుభ్రం అయ్యాకే తీసుకెళ్ళండి.

చిరాకు_చిన్నయ్య
అంటే ఇంకో వారం అక్క ఇంట్లోనే. నేను మొదటి రోజే చెప్పాను.

కొండమీద_కోడలు (సెప్టెంబరు 9)
ఈ పొద్దున తొమ్మిదయినా లైట్లు వేసుకునే ఉన్నాం. ఆకాశం నారింజ రంగులో ఉంది. అత్తయ్యగారు తలుపు తీసి చూసి, మళ్ళీ వేసేసి, దీపం పెట్టారు. మళ్ళీ ఎక్కడైనా అంటుకుందా?

ఉపగ్రహం
మీ దగ్గర కొత్తగా ఏమీ లేదు. ఉత్తరాన మండుతున్న మంటల పొగ చాలా ఎత్తున వచ్చి కమ్మింది. సముద్రపు చల్లగాలి పొర కింద ఉండటంతో పొగ ఇంకా నేలకు దిగలేదు. అందుకే ఆకాశం అంత భయంకరంగా ఉన్నా గాలి సూచీ అంత చెడ్డగా లేదు. ఒకటి రెండు రోజుల్లో అది కిందికి దిగవచ్చు, కిటికీలు మూసి ఉంచండి.

కొండమీద_కోడలు (సెప్టెంబరు 13)
దిగింది. మూడు రోజులుగా బయటికి పోలేదు. బావగారు, మామయ్యగారు చదరంగం ఆడుతున్నారు. ఇద్దరూ ఓటమి ఒప్పుకోరు.

చివరిగా ఒక సందేహం. ఫ్రిజ్‌లో కరెంటు లేక అంతా కుళ్ళింది. క్లెయిములో ఆహారం నష్టం కూడా రాయమన్నారు. ఫ్రీజర్‌లో అత్తయ్యగారు గుంటూరు నుంచి తెచ్చిన గోంగూర, మునగాకు పొడి, మాగాయ ఉన్నాయి. వాటికి విలువ ఎంతని రాయాలి?

పాలసీ_చదివినవాడు
ఫ్రిజ్ తలుపు తెరవకండి, టేపు చుట్టి అలాగే బయటపెట్టండి. ఆ వాసన రబ్బరులోకి పట్టేస్తే పోదు. తెరవకముందే ఫ్రిజ్ ఫోటో, మోడలు నంబరు తీసుకోండి. లోపలి వస్తువులు గుర్తున్నంత వరకు రాయండి. ఇండియా దుకాణంలో గడ్డకట్టిన గోంగూర పొట్లం ధర ఎంతో అదే రాయండి, పక్కన ఆ దుకాణం వెబ్‌సైటు ధర ముద్రించి జత చేయండి. మాగాయ నూనెలో ఉంది కదా, అది పాడవదు. దాన్ని క్లెయిములో రాయకండి.

పెరుగన్నం
అయితే టేపు వేసే ముందు మాగాయ జాడీ ఒక్కటి బయటికి తీయాలి.

పాలసీ_చదివినవాడు
తలుపు తెరవవద్దని ఇప్పుడే చెప్పాను.

పెరుగన్నం
మాస్కు పెట్టుకుని.